ఆన్‌లైన్ అంగడికి ఐపీ బ్లాకింగ్ ప్లగిన్: ఏది ముందు, ఏది తర్వాత

చెన్నైలో, మైలాపూరు ఉత్తర మాడ వీధిలో మా మామయ్యకి డాన్స్ నగల అంగడి ఉంది. కూచిపూడి, భరతనాట్యం వాళ్ళకి కావాల్సిన తలసామాను, సూర్యచంద్రులు, వంకీలు, వడ్డాణాలు, గజ్జెలు అన్నీ దొరుకుతాయి. గల్లా మామయ్య చూసుకుంటాడు, ఆన్‌లైన్ అమ్మకాలు నేను చూసుకుంటాను. సైట్ వర్డ్‌ప్రెస్‌ది, దాని మీద అంగడి నడిపే వూకామర్స్, పదిమందితో సర్వర్ పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్, వచ్చేవాళ్ళని సైట్ ముందే వడకట్టే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాను, లోపల కాపలాకి వర్డ్‌ఫెన్స్ ఉచిత ప్లగిన్. చిన్న వ్యాపారాల్లో చాలామందికి ఇదే సరంజామా కాబట్టి దీన్ని పెట్టుకునే చెప్తాను. మీరు వేరే ప్లగిన్ వాడుతుంటే మెనూల పేర్లు మారతాయి గానీ పని వరస మారదు.

ఐపీ అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబరు. ఒక ఐపీని సైట్‌కి రాకుండా బ్లాక్ చెయ్యడం అరనిమిషం పని. రావాల్సిన వాళ్ళు ఆగిపోకుండా చూసుకోవడంలోనే అసలు పనంతా ఉంది. లాగిన్ పేజీ మీద పడుతున్న బాట్‌ని (మనిషి లేకుండా తానే నడిచే ప్రోగ్రామ్‌ని) ఇవాళ ఆపకపోయినా, పాస్‌వర్డ్ గట్టిదైతే కొంప మునగదు. పేమెంట్ గేట్‌వే (కస్టమర్ డబ్బుని మనకి చేర్చే కంపెనీ) సర్వర్‌ని పొరపాటున ఆపేస్తే మాత్రం ఆ పూటే గొడవ మొదలవుతుంది. కస్టమర్ డబ్బు కట్టేసి ఉంటారు, మన దగ్గర ఆర్డరు ‘పెండింగ్ పేమెంట్’ అని కూర్చుని ఉంటుంది, ఫోన్ మోగుతూనే ఉంటుంది.

అందుకే రోజు కూడా చూసుకోవాలి. మాకు మార్గళిలో (డిసెంబరు-జనవరి) సభల సీజను, వేసవిలో అమెరికా పిల్లల అరంగేట్రాలు. ఈ రెండూ కాని ఫిబ్రవరిలో ఇలాంటి పనులు పెట్టుకుంటాను. మీకు బేరాలు తక్కువుండే నెల చూసుకుని, మంగళవారమో బుధవారమో పొద్దున మొదలుపెట్టండి. శుక్రవారం సాయంత్రం ముట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు అటు హోస్టింగ్ వాళ్ళూ ఇటు గేట్‌వే వాళ్ళూ సోమవారం దాకా దొరకరు.

ముందు ఆపకూడని వాళ్ళ జాబితా

ప్లగిన్ ఎక్కించే ముందు ఒక కాగితం తీసుకోండి.

మొదట మీ సొంత ఐపీ. గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొడితే వస్తుంది. అంగడిలోదీ ఇంట్లోదీ రాసుకోండి. ఇళ్ళకిచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో ఈ నంబరు నిలకడగా ఉండదు, రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే మారిపోవచ్చు. కాబట్టి దాన్ని తీసుకెళ్ళి అలౌలిస్టులో (ఎప్పుడూ ఆపకూడని నంబర్ల జాబితాలో) పెట్టెయ్యకండి. రేపు ఆ నంబరు మీ పేటలో ఇంకెవరికో పోతుంది, వాళ్ళకి మీ ఫైర్‌వాల్ (చెడ్డ రిక్వెస్టుల్ని వడకట్టే కాపలా) అడ్డే ఉండదు. నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ (మారని) ఐపీ తీసుకున్న కనెక్షన్ ఉంటే దాన్ని మాత్రమే పెట్టండి. మిగతావి కాగితం మీదే ఉండనివ్వండి. లాగ్ చూసేటప్పుడు ‘ఈ నంబరు మనమే కదా’ అని గుర్తుపట్టడానికి పనికొస్తాయి.

తర్వాత పేమెంట్ గేట్‌వే. కస్టమర్ యూపీఐలో కట్టాక బ్రౌజర్ మూసేసినా, గేట్‌వే సర్వర్ మన సైట్‌కి నేరుగా కబురు పంపుతుంది. దాన్ని వెబ్‌హుక్ అంటారు. మనిషి కాదు, మెషిను. కుకీలు ఉండవు, జావాస్క్రిప్ట్ నడవదు. ఫైర్‌వాల్ కంటికి అచ్చం బాట్ లాగే కనబడుతుంది. మీ గేట్‌వే డాక్యుమెంటేషన్‌లో వెబ్‌హుక్‌లు ఏ ఐపీల నుంచి వస్తాయో ఇచ్చి ఉంటే అవన్నీ రాసుకోండి. ఇవ్వకపోతే సపోర్ట్‌కి మెయిల్ పెట్టి అడగండి. వెబ్‌హుక్ మన సైట్‌లో ఏ చిరునామాకి వస్తుందో కూడా రాసుకోండి. వూకామర్స్‌లో చాలా గేట్‌వేలకి ఆ దారిలో ‘డబ్ల్యూసీ-ఏపీఐ’ అనే ముక్క ఉంటుంది.

కొరియర్ సాఫ్ట్‌వేర్ వాడితే దానిదీ ఇదే కథ. అది ఆర్డర్లు లాక్కుని ట్రాకింగ్ నంబర్లు తిరిగి రాస్తుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, వాట్సాప్ మెసేజీలు పంపే సర్వీసు, ఏవి మీ సైట్ తలుపు తడతాయో అన్నీ కాగితం మీదకి రావాలి.

ఇక దేశాల సంగతి. మామయ్య మొదట అడిగిందే అది.

“ఏమ్మా, చైనా రష్యాల నుంచి దొంగలు వస్తున్నారంటివే, ఇండియా తప్ప అన్నీ మూసేస్తే పీడా పోదా?”

“పోతుంది మామయ్యా. న్యూజెర్సీ టీచర్ల ఆర్డర్లు కూడా పోతాయి.”

బయటి దేశాలకి అమ్మని అంగడైనా అమెరికాని మూసెయ్యడానికి లేదు. గూగుల్ వెతుకులాట కోసం పేజీలు చదివే గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. దాన్ని ఆపితే గూగుల్ వెతుకులాటలో మీ పేజీలు మెల్లగా జారిపోతాయి. పైగా దొంగకి దేశంతో పనేముంది? ముంబైలో ఒక క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుంటే వాడూ ఇండియా వాడే. వర్డ్‌ఫెన్స్‌లో దేశాల వారీగా ఆపే సౌకర్యం డబ్బు కట్టిన వాళ్ళకే ఇస్తారు. అది లేదని నేనెప్పుడూ బాధపడలేదు.

ఎక్కించడం

బ్యాకప్ తీసుకోండి, ఫైళ్ళూ డేటాబేసూ రెండూ. ప్లగిన్స్ మెనూలో వెతికి ఇన్‌స్టాల్ చెయ్యండి. ఉచిత ప్లానుకి కూడా ఈమెయిల్‌తో లైసెన్స్ కీ తీసుకోవాలి, అది మెయిల్‌కి వస్తుంది. ‘ప్రీమియం ఫ్రీగా’ అని ఎక్కడో దొరికే జిప్ ఫైలు జోలికి పోకండి. తాళం దొంగ దగ్గరే కొనుక్కున్నట్టు అవుతుంది. ఇంకో సెక్యూరిటీ ప్లగిన్ ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి. రెండు ఫైర్‌వాల్‌లు ఒకదానికొకటి అడ్డం పడితే ఎవరు ఎవర్ని ఆపారో తేల్చడానికే పొద్దు గడిచిపోతుంది.

ఉచిత ప్లానుకీ డబ్బు కట్టే ప్లానుకీ ఉన్న తేడాల్లో తెలుసుకోవాల్సింది ఇది. కొత్త దాడుల మీద వాళ్ళు రాసే ఫైర్‌వాల్ రూల్సు కట్టినవాళ్ళకి వెంటనే అందుతాయి, ఉచితం వాళ్ళకి 30 రోజులు ఆలస్యంగా. ఆ నెల రోజుల లోటుని పూడ్చేది ఒక్కటే, ప్లగిన్లు థీములు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం. ఐపీ బ్లాకింగ్ ఆ పని చెయ్యదు.

ప్లగిన్‌కి కనబడే ఐపీ ఎవరిది?

మొత్తం పనిలో కీలకం ఇక్కడుంది. తొందరపడకుండా చదవండి.

క్లౌడ్‌ఫ్లేర్ ముందున్నప్పుడు మన హోస్టింగ్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యేది కస్టమర్ కాదు, క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్. కస్టమర్ అసలు ఐపీని అది ‘సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ’ అనే హెడర్‌లో (రిక్వెస్టుతోపాటు వెళ్ళే చీటీలో) రాసి పంపుతుంది. ప్లగిన్ ఆ హెడర్ చదవకపోతే కస్టమర్లూ బాట్‌లూ అందరూ ఆ కొద్ది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీల నుంచే వచ్చినట్టు కనబడతారు. ఒక బాట్ పాస్‌వర్డ్‌లు కొట్టి కొట్టి లాక్ అయ్యిందంటే, ఆ ఐపీ మీదుగా వస్తున్న కస్టమర్లందరికీ లాగిన్ తలుపు మూతపడుతుంది. మనమేమో ‘బ్లాకింగ్ బాగా పనిచేస్తోంది’ అని మురిసిపోతుంటాం.

దీనికి విరుగుడు వర్డ్‌ఫెన్స్ ‘ఆల్ ఆప్షన్స్’ పేజీలో ఉంది. ‘హౌ డజ్ వర్డ్‌ఫెన్స్ గెట్ ఐపీస్’ అనే చోట నాలుగైదు దారులు చూపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ హెడర్ ఉన్నది ఎంచుకోండి. ముందు ఏ ప్రాక్సీ (క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సర్వర్) లేకపోతే ‘రిమోట్ అడ్రస్’ ఉన్నది. హోస్టింగ్ వాళ్ళే తమ ప్రాక్సీ పెట్టి ఉంటే ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’ ఎంచుకోవాల్సి రావచ్చు, అది వాళ్ళని అడిగి తెలుసుకోండి. ఎంచుకోగానే కింద ‘ఈ సెట్టింగ్‌తో మీ ఐపీ ఇది’ అని చూపిస్తుంది. అది కాగితం మీద రాసుకున్న నంబరుతో కలవాలి. తర్వాత ఫోన్లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద అదే పేజీ తెరవండి, నంబరు మారాలి. రెండుచోట్లా ఒకటే నంబరు వస్తుంటే మీరు చూస్తున్నది ప్రాక్సీ ఐపీ, కస్టమర్‌ది కాదు. పొడుగ్గా అక్షరాలతో కలిసిన నంబరు కనబడితే కంగారు పడకండి, అది ఐపీవీ6 చిరునామా, ఐపీల్లో కొత్త రకం.

ముందు ప్రాక్సీ లేని సైట్‌లో హెడర్ నమ్మే సెట్టింగ్ పెడితే ఇంకో రకం చిక్కు. ఆ హెడర్‌ని ఎవరైనా సొంతంగా రాసి పంపొచ్చు. బాట్ ప్రతిసారీ ఒక కొత్త దొంగ నంబరు రాసి పంపితే మన లెక్కలో ప్రతిదీ కొత్త మనిషే, ఎప్పటికీ లాక్ అవ్వదు. ఇంకా దుర్మార్గుడైతే మీ గేట్‌వే ఐపీనే అందులో రాసి, దాన్ని మీ చేతే బ్లాక్ చేయిస్తాడు.

హోస్టింగ్ సీప్యానెల్‌లో (సర్వర్ సెట్టింగులు మార్చుకునే పేజీలో) ‘ఐపీ బ్లాకర్’ అని ఇంకో మీట ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాడేవాళ్ళు దాని జోలికి పోకపోవడం మంచిది. సర్వర్‌కి అసలు ఐపీ కనబడేలా హోస్టింగ్ వాళ్ళు సర్ది ఉంచకపోతే, అక్కడ కొట్టే నంబర్లు వృథా అవుతాయి, లేదా క్లౌడ్‌ఫ్లేర్‌నే ఆపేస్తాయి.

ఐపీ సంగతి తేలాక కాగితం మీదున్న గేట్‌వే, కొరియర్ ఐపీలని ‘అలౌలిస్టెడ్ ఐపీ అడ్రసెస్’ అనే పెట్టెలో వేసెయ్యండి.

ఫైర్‌వాల్‌కి ఒక వారం

వర్డ్‌ఫెన్స్ ఫైర్‌వాల్ మొదట ‘లెర్నింగ్ మోడ్’లో మొదలవుతుంది. డిఫాల్ట్‌గా ఒక వారం. ఆ వారంలో మీ సైట్‌లో మామూలుగా జరిగేవి చూసి నేర్చుకుంటుంది. కాబట్టి ఆ వారంలో అన్ని పనులూ ఒకసారి చెయ్యండి. కొత్త వస్తువు ఎక్కించండి, కూపన్ పెట్టండి, ఆర్డరు వెయ్యండి, రీఫండ్ ఇవ్వండి, పేజీ బిల్డర్‌లో ఒక పేజీ మార్చండి. సైట్‌ని ఇప్పటికే ఎవరో గెలికారని అనుమానం ఉంటే మాత్రం ఈ మోడ్ వద్దు, నేరుగా ‘ఎనేబుల్డ్’ పెట్టండి. దొంగ చేసే పనులని కూడా మామూలే అనుకుని నేర్చుకుంటుంది మరి.

‘ఆప్టిమైజ్’ అనే మీట నొక్కితే వర్డ్‌ప్రెస్ లేవకముందే ఫైర్‌వాల్ లేచేలా సర్వర్ సెట్టింగ్ ఒకటి రాస్తుంది. అది పెట్టుకోండి. దానికోసం సైట్ మూల ఫోల్డర్‌లో ‘వర్డ్‌ఫెన్స్-వాఫ్’ అనే ఫైలు వస్తుంది. ఇదేదో అనవసరపు ఫైలులా ఉందని ఎప్పుడో తీరిక దొరికినప్పుడు తీసెయ్యకండి. చాలా హోస్టింగ్‌లలో ‘యూజర్ డాట్ ఐఎన్ఐ’ ఫైలు దాన్ని పేరు పెట్టి పిలుస్తుంటుంది. పిలిచినప్పుడు పలక్కపోతే సైట్ మొత్తం పడిపోతుంది.

లాగిన్ దగ్గర ఎంత గట్టిగా?

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా బ్లాగులకి రాసినవి. బ్లాగులో లాగిన్ అయ్యేది ఒకరిద్దరే కాబట్టి మూడుసార్లు తప్పితే లాక్ అంటే చెల్లుతుంది. అంగడి అలా కాదు. ‘మై అకౌంట్’ పేజీలో లాగిన్ అయ్యే ప్రతి కస్టమర్‌కీ అదే లెక్క వర్తిస్తుంది. ఏడాదికి ఒకసారి గజ్జెలు కొనే టీచరమ్మకి పాస్‌వర్డ్ ఎందుకు గుర్తుంటుంది చెప్పండి? మూడుసార్లు తప్పు కొట్టి, లాక్ అయ్యి, పక్క అంగడికి వెళ్ళిపోతుంది.

వర్డ్‌ఫెన్స్ డిఫాల్ట్ లెక్క 20 తప్పులు, లెక్కించే వ్యవధి నాలుగు గంటలు, లాక్ ఉండేది నాలుగు గంటలు. 20 మరీ ఉదారం. నేను 8 పెట్టాను, లాక్ సమయం మాత్రం ఒక గంటకి దించాను. బాట్‌కి గంట ఆలస్యమైనా చాలు దాని లెక్కలు తప్పుతాయి, మనిషి అయితే గంట తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తాడు. ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ లెక్క కూడా అంతే పెట్టండి.

‘లేని యూజర్ పేరు కొడితే వెంటనే లాక్’ అనే టిక్కు ఒకటి ఉంటుంది, చూడగానే పెట్టాలనిపిస్తుంది. అంగడికి వద్దు. ఈమెయిల్‌లో ఒక అక్షరం తప్పు కొట్టిన కస్టమర్ కూడా దాని దృష్టిలో లేని యూజరే. దాని బదులు కిందనే ‘ఈ పేర్లతో ప్రయత్నిస్తే వెంటనే బ్లాక్’ అనే పెట్టె ఉంది. అందులో అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, మీ డొమైన్ పేరు ఇంగ్లీషులో వేసి పెట్టండి. బాట్‌లు మొదట కొట్టేవి ఇవే, కస్టమర్లు ఎప్పుడూ కొట్టనివి కూడా ఇవే. మీ సొంత యూజర్ పేరే ‘అడ్మిన్’ అయితే ముందు అది మార్చుకోండి.

ఇదే ప్లగిన్‌లో ‘లాగిన్ సెక్యూరిటీ’ కింద రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడగడం) ఉచితంగా ఉంది. అడ్మిన్‌లకీ షాప్ మేనేజర్లకీ పెట్టేయండి. నిజం చెప్పాలంటే ఐపీ బ్లాకింగ్ మొత్తం కంటే ఈ ఒక్కటే ఎక్కువ కాపలా కాస్తుంది. అక్కడే ‘ఎక్స్ఎమ్ఎల్-ఆర్‌పీసీ’ లాగిన్ ఆపే టిక్కు కూడా ఉంది. అది బయటి యాప్‌లు సైట్‌లోకి లాగిన్ అయ్యే పాత దారి. లాగిన్ పేజీకి రాకుండానే పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడానికి దొంగలు ఆ దారిని వాడుకుంటారు. వర్డ్‌ప్రెస్ మొబైల్ యాప్, జెట్‌ప్యాక్ లాంటివి వాడకపోతే మూసెయ్యండి.

రేట్ లిమిట్ (కొంతసేపట్లో ఒకరు ఎన్ని పేజీలు తెరవొచ్చన్న హద్దు) గురించి రెండే మాటలు. మొదట ఉదారంగా పెట్టి వారం చూసి తగ్గించుకోండి, ‘బ్లాక్’ బదులు ‘థ్రాటిల్’ (జోరు తగ్గేదాకా మాత్రమే ఆపడం) ఎంచుకోండి. నగల ఫొటోలు ఎక్కువుండే అంగడిలో ఒక మనిషే నిమిషంలో చాలా పేజీలు తిప్పేస్తారు.

క్లౌడ్‌ఫ్లేర్‌లో

ప్లగిన్ ఎంత మంచిదైనా, అది లేవాలంటే సర్వర్‌లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ని నడిపే ప్రోగ్రామ్) లేవాలి. వేలకొద్దీ రిక్వెస్టులు వచ్చి పడితే అన్నిటినీ ‘పో’ అనడానికే షేర్డ్ హోస్టింగ్ నీరసపడిపోతుంది. వాటిని అంగడి మెట్లెక్కకముందే ఆపేది క్లౌడ్‌ఫ్లేర్.

ఉచిత ప్లానులో ఐదు కస్టమ్ రూల్సు రాసుకోవచ్చు. అంగడికి ముఖ్యమైంది ఇది: దారి ‘డబ్ల్యూపీ-లాగిన్’ అయ్యి, దేశం ఇండియా కాకపోతే, ‘మేనేజ్డ్ చాలెంజ్’, అంటే మనిషో బాటో తేల్చే పరీక్ష. కస్టమర్లు లాగిన్ అయ్యేది మై అకౌంట్ పేజీలో కాబట్టి వాళ్ళకి ఇది తగలదు. ఆ పాత లాగిన్ పేజీ మన స్టాఫ్‌కి మాత్రమే. దేశం చూసి ఆపడం నాకు సమ్మతమైన చోటు ఇదొక్కటే, అదీ పూర్తిగా మూయకుండా.

‘డబ్ల్యూపీ-అడ్మిన్’ ఫోల్డర్ మొత్తానికి ఇదే రూలు పెట్టాలనిపిస్తుంది. పెట్టేముందు అందులో ఉన్న ‘అడ్మిన్-అజాక్స్’ ఫైలుని మినహాయించండి. పేరు అడ్మిన్ అయినా, థీములూ ప్లగిన్లూ బయటి కస్టమర్ల కోసం కూడా దాన్ని వాడతాయి. కార్టు కదలట్లేదని, ఫిల్టర్లు పనిచెయ్యట్లేదని ఫోన్లు వస్తే మొదట అనుమానించాల్సింది ఇక్కడే.

‘బాట్ ఫైట్ మోడ్’ (బాట్‌లని క్లౌడ్‌ఫ్లేరే పట్టుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అది వెబ్‌హుక్‌లని కూడా పట్టుకోవచ్చు. కస్టమ్ రూలులో ‘స్కిప్’ పెట్టినా దానికి లెక్కలేదు. వెబ్‌హుక్‌లు ఆగుతుంటే ఆ మోడ్‌ని ఆపెయ్యండి, లేదా గేట్‌వే ఐపీలని ‘ఐపీ యాక్సెస్ రూల్స్’లో అలౌ చెయ్యండి.

చేత్తో బ్లాక్ చేసేటప్పుడు

వర్డ్‌ఫెన్స్ లైవ్ ట్రాఫిక్‌లో (సైట్‌కి ఎవరొచ్చారో చూపే జాబితాలో) ఒక నంబరు పదే పదే కనబడితే చెయ్యి ఊరుకోదు. కాసేపు ఆగి, ఆ ఐపీ ఎవరిదో చూడండి. పక్కనే ‘రన్ హూయిజ్’ అని ఉంటుంది. క్లౌడ్ హోస్టింగ్ కంపెనీది అయ్యి, మన కాగితం మీద లేనిదైతే ధైర్యంగా ఆపొచ్చు. అక్కడి నుంచి మనుషులు నగలు కొనరు. గూగుల్‌బాట్ అని చెప్పుకుంటుంటే రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఆ ఐపీకి నమోదైన పేరు) గూగుల్‌బాట్ డాట్ కామ్‌తోనో గూగుల్ డాట్ కామ్‌తోనో ముగుస్తుందో లేదో, ఆ పేరు మళ్ళీ అదే ఐపీని చూపిస్తుందో లేదో చూడండి. లేకపోతే అది వేషం.

జియో, ఎయిర్‌టెల్ లాంటి మొబైల్ నెట్‌వర్క్‌ది అయితే చెయ్యి తీసెయ్యండి. ఐపీవీ4 (పాత రకం ఐపీ) నంబర్లు ప్రపంచంలో ఎప్పుడో అయిపోయాయి. అందుకని మొబైల్ కంపెనీలు చాలామంది చందాదారుల్ని ఒకే నంబరు వెనక పెట్టి బయటికి పంపుతాయి. మీరు ఆపాలనుకున్నది ఒక ఆకతాయిని, ఆగిపోయేది వాడితోపాటు ఆ నంబరు వెనకున్న కస్టమర్లందరూ. వాడేమో ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీస్తే ఇంకో నంబరుతో వచ్చేస్తాడు.

ఐపీవీ6 అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒక్కో కనెక్షన్‌కి చిరునామాల పెద్ద కట్ట ఒకటి ఇస్తారు, ఫోన్ తన చిరునామాని తానే మార్చుకుంటూ పోతుంది. ఒక్క చిరునామా ఆపడం దండగ, మొదటి 64 బిట్లు ఒకటేగా ఉన్న కట్ట (/64) మొత్తాన్ని ఆపాలి.

రేంజ్ బ్లాక్ చేసేటప్పుడు చివరి అంకె మీద కళ్ళు పెట్టండి. 203.0.113.0/24 అంటే 256 చిరునామాలు. 24 బదులు 16 అని పడిందంటే 65,536.

కారణం పెట్టెలో ‘స్పామ్’ అని ఒక ముక్క పడేసి వదిలెయ్యకండి. తేదీ, ఏం చేశాడు, ఎవరి నెట్‌వర్క్. చేత్తో పెట్టిన బ్లాక్ మనం తీసేదాకా ఉంటుంది, ఎందుకు పెట్టామో మాత్రం మనకి గుర్తుండదు.

దొంగ ఆర్డర్లు

ఐపీ బ్లాకింగ్ ప్లగిన్ కోసం జనం వెతికేది సగం వీటి గురించే. ఇవి రెండు రకాలు.

క్యాష్ ఆన్ డెలివరీలో పెట్టి, కొరియర్ వచ్చాక ‘నేను పెట్టలేదు’ అనేవాళ్ళు మొదటి రకం. వూకామర్స్ ఆర్డరు పేజీలో కస్టమర్ ఐపీ కనబడుతుంది కదా అని ఆపాలనిపిస్తుంది. ఎక్కువగా మొబైల్ ఐపీలే ఉంటాయి, ఏం జరుగుతుందో పైన చెప్పాను. వీళ్ళకి ఫోన్ నంబరుతో ఆపడం, పంపేముందు ఓటీపీ అడగడం, పెద్ద ఆర్డర్లకి క్యాష్ ఆన్ డెలివరీ తీసెయ్యడం పనిచేస్తాయి.

రెండోది కార్డ్ టెస్టింగ్. దొంగిలించిన కార్డు నంబర్లలో ఏవి ఇంకా బతికున్నాయో చూసుకోవడానికి చవక వస్తువు మీద వరసగా కొడతారు. లక్షణాలు ఇట్టే తెలుస్తాయి. అర్థంలేని ఈమెయిళ్ళు, అన్నిటిలో అదే చిన్న వస్తువు, వరసబెట్టి ‘ఫెయిల్డ్’ ఆర్డర్లు. మన దేశపు కార్డులకి ఆన్‌లైన్‌లో రెండో తనిఖీ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009లోనే పెట్టింది కాబట్టి వాటితో ఈ ఆట సాగదు. ఓటీపీ అడగని విదేశీ కార్డులు తీసుకునే మాలాంటి అంగళ్ళ మీదే పడతారు. ఐపీలు ప్రతి రెండు మూడు ప్రయత్నాలకీ మారిపోతుంటాయి, ఒక్కొక్కటే ఆపుతూ కూర్చుంటే తెల్లారుతుంది. చెకౌట్ దగ్గర కాప్చా పెట్టండి. చెకౌట్ దారికి క్లౌడ్‌ఫ్లేర్‌లో రేట్ లిమిట్ పెట్టండి, ఉచిత ప్లానులో అలాంటి రూలు ఒకటి ఇస్తారు. విదేశీ కార్డులని ఆ ఒక్క రాత్రికి ఆపెయ్యమని గేట్‌వేకి చెప్పండి. ఎవరి కార్డు నుంచైనా డబ్బు పడిపోయి ఉంటే వెంటనే రీఫండ్ చెయ్యండి, ఉంచుకుంటే తర్వాత చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కోవడం) వస్తుంది.

పరీక్ష

అంతా పెట్టాక రూపాయి వస్తువు ఒకటి దాచిన పేజీలో పెట్టి, మొబైల్ డేటా మీద యూపీఐతో కొనండి. డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసెయ్యండి. అప్పుడు కూడా ఆర్డరు ‘ప్రాసెసింగ్’కి మారిందంటే వెబ్‌హుక్ లోపలికి వచ్చినట్టు. మారకపోతే గేట్‌వే డాష్‌బోర్డులో వెబ్‌హుక్ లాగ్ చూడండి. 200 ఉంటే దారి బాగానే ఉంది. 403 లేదా 503 ఉంటే మన వాకిట్లో ఎవరో ఆపారు, వర్డ్‌ఫెన్స్ లైవ్ ట్రాఫిక్‌లోనూ క్లౌడ్‌ఫ్లేర్ సెక్యూరిటీ ఈవెంట్స్‌లోనూ అదే సమయానికి వెతకండి. విదేశంలో చుట్టమెవరైనా ఉంటే సైట్ తెరిచి కార్టు దాకా వెళ్ళమనండి. మాకు డాలస్‌లో ఉన్న చిన్నత్త ఆ పని చేసిపెడుతుంది.

మీరే బయట పడితే ఏం చెయ్యాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. మొదట వైఫై తీసి మొబైల్ డేటా మీద ప్రయత్నించండి. బ్లాక్ పేజీలోనే అడ్మిన్ ఈమెయిల్ కొడితే తాళం తీసే లింకు వస్తుంది, అది వాడండి. రెండూ కాకపోతే సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్‌లోని వర్డ్‌ఫెన్స్ ఫోల్డర్ పేరు మార్చండి, ప్లగిన్ నిద్రపోతుంది. లోపలికి వెళ్ళి పాత పేరు మళ్ళీ పెట్టి, ప్లగిన్ ఆన్ చేసి, మీ ఐపీ మీద ఉన్న బ్లాక్ తీసెయ్యండి. యూజర్ డాట్ ఐఎన్ఐ ఫైల్లో ఏదైనా మారిస్తే మాత్రం ఫలితం కనబడటానికి ఐదు నిమిషాలు పట్టవచ్చు. పీహెచ్‌పీ ఆ ఫైలుని మామూలుగా 300 సెకన్లకోసారి చదువుతుంది. ఈలోగా టెన్షన్ పడి ఇంకో నాలుగు మార్పులు చెయ్యకండి.

బ్లాక్ పేజీ మీద మన మాట రాసుకునే వీలుంది. అందులో అంగడి ఫోన్ నంబరూ వాట్సాప్ నంబరూ పెట్టండి. అన్యాయంగా ఆగిపోయిన కస్టమర్ కనీసం ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్‌తోనే మీకు ఏ రూలు మరీ గట్టిగా ఉందో తెలుస్తుంది.

మెయిల్ అలర్టుల్లో ‘ఐపీ బ్లాక్ అయ్యింది’ అన్నది తీసెయ్యండి. అది రోజంతా మోగుతుంది. అడ్మిన్‌గా కొత్త పరికరం నుంచి ఎవరో లాగిన్ అయ్యారు అన్నది మాత్రం ఉంచుకోండి. మామయ్య ఫోన్‌కి కూడా అదొక్కటే వెళ్తుంది.

లాగ్‌ల విషయం. లైవ్ ట్రాఫిక్‌ని ‘సెక్యూరిటీ ఓన్లీ’లోనే ఉంచండి, ‘ఆల్ ట్రాఫిక్’ పెడితే డేటాబేసు ఉబ్బిపోతుంది. సీప్యానెల్ ‘రా యాక్సెస్’లో లాగ్‌లు దాచే టిక్కు పెట్టి, పాత నెలవి తీసేసే టిక్కు తీసెయ్యండి. సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైట్ హ్యాక్ లాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

నెలకోసారి, జీఎస్టీ లెక్కలు చూసే రోజునే, నేను బ్లాక్ జాబితా తెరుస్తాను. చేత్తో పెట్టిన వాటిలో ఆర్నెల్లు దాటినవి, కారణం రాయనివి తీసేస్తాను. ఆ నంబరు ఈపాటికి ఇంకెవరికో వెళ్ళి ఉంటుంది. అదే దొంగ మళ్ళీ వస్తే ఎనిమిది తప్పుల దగ్గర ప్లగినే పట్టుకుంటుంది.